ఎఱుగని నదియు నెఱిగిన మిత్రులును

నదిని తల్లి యని కొలుచు దేశము మనది. పండ్రెండేండ్ల కొకమాఱు పుష్కరములు వచ్చినపుడు లక్షలకొలది జనులు గోదావరీ కృష్ణా తీరములకు చేరుచుందురు. స్నానసంకల్పమునందు నదుల పేళ్లను వల్లించుచుందురు. అయినను మన మెఱిగిన నది రేవుకడ నున్న నది మాత్రమే. ఆ మెట్లు దాటిన పిమ్మట దాని వడి యెంత, లోతెంత, ఏ బండచాటున సుడి తిరుగుచున్నది, ఏ మలుపున నీరు గట్టును ఒరయుచున్నది అను విషయమును పడవ నడపువానికి విడిచిపెట్టి మనము నిశ్చింతగా కూర్చుందుము. వాడు చెప్పిన వినము. అతడు వలదన్న దినమున తొందరపడుదుము. ఈ నిశ్చింతకు మనము చెల్లించిన మూల్యము నిటీవలి కాలమునందే చూచితిమి. ఆ సంగతి ముందు చెప్పెదము.

ఇతరదేశములయందు మఱియొక విధమగు నదీపరిచయము వృద్ధిపొందినది. నలుగురైదుగురు స్నేహితులు, ఒక్కొక్కరికి ఒక్కొక్క చిన్న దోనె, చేత నొక తెడ్డు. ఇంతటి సాధనములతో, మునుపెవ్వరును దిగి చూడని కొండవాగులలోనికి వారు దిగుదురు. దీనిని కొందఱు వెఱ్ఱి యందురు, కొందఱు శౌర్యమందురు. ఈ రెండు మాటలును తొందరపాటు మాటలే యని మా అభిప్రాయము. నిజానిజములు తెలియవలెనన్న ఒక నదిని, ఒక మిత్రబృందమును, వారి నిర్ణయములను దగ్గఱగా పరిశీలింపవలసి యున్నది. అందులకు మేము బ్రహ్మపుత్రను ఎంచుకొనుచున్నాము. ఏలయన నది మనది, దానిపై జరిగిన ప్రయత్నములలో మొదటి త్యాగము కూడ మనదే.

దోనె యెట్టిది?

ఈ దోనెకు కయాకు అని పేరు. గ్రీన్‌లాండు మొదలగు ఉత్తర ధ్రువప్రాంతములయందలి ఇన్యూట్ జనులు సీలు చర్మమును కొయ్యచట్రముపై బిగించి, సముద్రమున వేటాడుటకై దీనిని నిర్మించుకొనిరి. ఇపుడు కొండనదులపై వాడు కయాకులు దృఢమైన ప్లాస్టిక్కుతో పోతపోసినవి. పైభాగమంతయు మూసియుండును. నడుమ నొక మనుష్యుడు కాళ్లు చాచి కూర్చుండుటకు మాత్రము చోటుండును. అతని నడుముచుట్టును నీరు చొరకుండ నొక పట్టాను బిగింతురు. తలకు శిరస్త్రాణము, ఒంటికి తేలుడు చొక్కా, చేతికి రెండు కొనలయందును ఆకు గల తెడ్డు. దోనె బోర్లపడినచో వెలుపలికి రాక, తలక్రిందుగా నున్నవాడు తెడ్డును నీటిపై విసరి, నడుము త్రిప్పి, దోనెతో కూడ పైకి లేచుటయే ఈ విద్యయందలి ప్రథమపాఠము. ఈ పాఠము రానివానిని ఎవ్వరును కొండనదికి తీసికొని పోరు.

నీటి వడిని వారు ఆఱు తరగతులుగ విభజించిరి. మొదటి తరగతి పిల్లకాలువ వంటిది. ఆఱవది ప్రాణములకు తెగించినవానికి సైతము సందేహము కలిగించునది. అయితే అంకెకన్న ముఖ్యమైనది కంటిచూపు. బండచాటున ప్రవాహమునకు ఎదురుగా వెనుకకు తిరుగు నీరొకటి యుండును. అదియే వారికి మజిలీ. ఒక మజిలీనుండి బయలుదేరునపుడు తరువాతి మజిలీ యెచ్చట నున్నదో ముందుగ తెలిసి యుండవలెను. తెలియనిచో గట్టునకు దిగి, బండలమీదుగ నడచిపోయి, చూచి రావలెను. చూచినపిమ్మట మనసు సందేహించినచో దోనెను భుజమునకెత్తి ఆ చోటును నడచియే దాటవలెను. ఎఱుగని నదిపై ప్రయాణములో దోనె నడపిన కాలముకన్న గట్టున నడచిన కాలమే హెచ్చుగా నుండుట సామాన్యము. సాహసమనగా కన్నులు మూసికొని దుముకుట యని తలంచువారు ఈ విషయమును గమనింతురుగాక.

కింథప్ త్యాగము

టిబెట్టునందు తూర్పుగా పాఱు సాంగ్‌పో నది నామ్చాబర్వా (7,782 మీటర్లు), గ్యాలాపెరి (7,294 మీటర్లు) అను రెండు మహాశిఖరముల నడుమ ఒక లోయలోనికి చొచ్చి, గుఱ్ఱపు లాడము వలె వంపు తిరిగి, దక్షిణమునకు దిగి, అరుణాచలప్రదేశమున సియాంగ్ అను పేరుతో ప్రవేశించి, అస్సామునందు బ్రహ్మపుత్ర యగుచున్నది. త్ర్యంబకమున పుట్టిన మన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహించి సుమారు వేయి మీటర్లు మాత్రమే దిగుచున్నది. సాంగ్‌పో ఆ వంపులోని సుమారు 240 కిలోమీటర్లలోనే రెండువేల మీటర్లకు మించి దిగుచున్నది. అనగా దూరము ఆఱవవంతు, దిగుడు రెండింతలకు పైన. అట్టి నీరు ఏ రూపున నుండునో పాఠకులే ఊహించుకొనవచ్చును.

పందొమ్మిదవ శతాబ్దమున సాంగ్‌పోయును బ్రహ్మపుత్రయును ఒకటియేనా యను సందేహము భూగోళశాస్త్రజ్ఞులను బాధించుచుండెను. ఇంగ్లీషువారికి టిబెట్టున ప్రవేశము లేదు. కావున భారతదేశపు సర్వేశాఖవారు 1880లో ఒక చైనీయ లామాను, అతనికి సహాయుడుగ సిక్కిము వాసియగు కింథప్‌ను పంపిరి. కింథప్‌నకు చదువను వ్రాయను రాదు. నడుమ దారిలో ఆ లామా అతనిని బానిసగ అమ్మివేసి తన దారిన తాను పోయెను. కింథప్ తప్పించుకొని పోయి, ఒక మఠమున ఆశ్రయము పొంది, అచ్చటి పెద్దకు సేవచేయుచు, సెలవు దొరకినపుడెల్ల తనకు అప్పగించిన పనినే చేయుచు వచ్చెను. గుఱుతులు కట్టిన ఐదువందల కొయ్యముక్కలను సిద్ధపఱచి, దినమునకు ఏబది చొప్పున పదిదినములు నదిలో విడిచెను. అవి అస్సామునకు కొట్టుకొని వచ్చినచో రెండు నదులును ఒకటియే యని తేలును. అంతకుముందే, కొయ్యలను విడుచు దినములను తెలుపుచు, లాసానుండి ఒక జాబు వ్రాయించి పంపెను. కాని ఆ జాబు అందవలసిన అధికారి అప్పటికే దేశము విడిచి పోయి యుండెను. కొయ్యలు వచ్చినవో లేదో చూచినవాడు లేడు.

నాలుగేండ్లకు 1884లో కింథప్ తిరిగివచ్చి తాను చూచినదంతయు నోటితో చెప్పెను. పెక్కురు నమ్మలేదు. 1913లో బెయిలీ, మోర్స్‌హెడ్ అను ఇద్దఱు అధికారులు ఆ లోయలో కొంతదూరము నడచి చూచి, అతడు చెప్పిన దానిలో అధికభాగము సత్యమని ధ్రువపఱచిరి. అప్పటికి కింథప్ బట్టలు కుట్టుకొని జీవించుచుండెను. బెయిలీ సిఫారసుమీద వేయి రూపాయల బహుమానము లభించినది. తరువాత కొలదికాలమునకే అతడు మరణించెను. ఒంటరిగా, పరుల ఉత్తరువుపై, తనకు చెందని కీర్తికొఱకు ఎఱుగని నదిని వెదకిన మనుష్యుని కథ యిది. అతడు బానిసగ అమ్ముడుపోయినపుడు చేయి అందించుటకు ప్రక్కన ఒక్క మిత్రుడును లేడు. ఎఱుగని నదికి పోవువానికి మొదట కావలసినది ఏమో ఈ కథయే చెప్పుచున్నది.

1998 నాటి యాత్ర

నూఱేండ్లు దాటిన తరువాతకూడ ఆ లోయను ఎవ్వరును నీటిదారిన దాటలేదు. 1993లో ఒక జపాను బృందము ప్రయత్నింపగా, సాంగ్‌పోతో కలియు పో నదీ సంగమప్రాంతమున ఒక యువకుడు నీటిపాలయ్యెను. 1998లో అమెరికానుండి విక్లిఫ్ వాకర్ నాయకత్వమున ఒక మిత్రబృందము బయలుదేరెను. దోనెలు నడపువారు నలుగురు: టామ్ మెకూవన్, అతని తమ్ముడు జేమీ మెకూవన్, డగ్ గార్డన్, రోజర్ జ్బెల్. వీరిలో జేమీ 1972 మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలలో దోనెపందెమున కంచుపతకము గెలిచినవాడు. గార్డన్ తన దేశపు జట్టులో ఆడినవాడు; రసాయనశాస్త్రము చదివినవాడు; ఇద్దఱు పిల్లల తండ్రి. వీరు యౌవనపు పొగరుతో వచ్చిన కుఱ్ఱలు కారు. ఏండ్ల తరబడి కలిసి నదులు దిగి, ఒకరి తెడ్డు విసరు నొకరు కన్నులు మూసికొని గుర్తింపగల నడివయసు పెద్దమనుష్యులు.

అక్టోబరునాటికి వానలు వెనుదీసి నది తగ్గునని వారి లెక్క. కాని ఆ యేడు వానలు అసాధారణముగ కురిసినవి. యాంగ్‌ట్సీ నదియందును బ్రహ్మపుత్రయందును వచ్చిన మహావరదలను పాఠకులు మఱచియుండరు. లోయ ముఖద్వారమునకు చేరి చూచువఱకు సాంగ్‌పో వారు ఎదురుచూచిన దానికి ఎన్నియో రెట్లు పొంగి పాఱుచుండెను. ఇచ్చట వెనుదిరుగుదమా, ముందునకు సాగుదమా యను ప్రశ్న వచ్చినది. వారు మధ్యమార్గము నెంచుకొనిరి. నది నడుమకు పోవలదు. గట్టు వెంబడి మాత్రమే దిగవలెను. వీలుకాని చోటులనెల్ల దోనెలు మోసికొని నడువవలెను. ఇట్లు పండ్రెండు దినములు కొన్ని చోటుల నీటిపైనను, పెక్కు చోటుల బండలపైనను సాగిరి.

అక్టోబరు 16వ తేదీన ఒక చిన్న దూకుడుకడ గార్డన్ ఆగి చూచెను. ఎత్తు ఎనిమిదడుగులకు మించదు. అంతకన్న పెద్దవి అతడు తన జీవితమున ఎన్నియో దాటియుండెను. మిత్రులు గట్టునుండి చూచుచుండగా దిగెను. దోనె బోర్లపడెను. లేచుటకు చేసిన ప్రయత్నములు ఫలింపలేదు. క్షణములలో గట్టునీరు అతనిని నడుమ ప్రవాహమునకు అప్పగించెను. పిమ్మట అతడు కనబడలేదు. మిత్రులు దినములతరబడి లోయనంతయు గాలించిరి. దేహముకూడ దొరకలేదు. అంతటితో యాత్ర నిలిపివేసి, నదిని విడిచి, కొండలెక్కి వెలుపలికి వచ్చిరి.

ఈ మరణముపై రెండు విధములగు విమర్శలు వచ్చినవి. నది పొంగియున్నదని చూచియు దిగుట తప్పు అని కొందఱు. అతడు ఎంచుకొన్న త్రోవ సాధ్యమైనదే, దైవము ప్రతికూలించినదని కొందఱు. మేము ఈ రెంటిలో దేనిని పూర్తిగ అంగీకరింపజాలము. ఆ దూకుడు ఒంటరిగ చూచినపుడు చిన్నదియే. కాని దాని ప్రక్కన పాఱుచుండిన నది చిన్నది కాదు. చిన్న తప్పునకు చిన్న శిక్ష విధించు నది యొకటి, చిన్న తప్పునకు మరణశిక్ష విధించు నది మఱియొకటి. దూకుడు ఎత్తును కొలుచుటతో చాలదు. తప్పినచో ఎచ్చటికి పోవుదుమో దానినికూడ కొలువవలెను. నేర్పరియైనవాని కన్ను మొదటి కొలతయందే నిలిచిపోవుట సహజము. గార్డన్ వంటి నిపుణునకే ఇట్లు జరిగినదన్నచో ఇతరులకు ఇది పాఠము కావలదా?

ఇంకొక సంగతి గలదు. దూరదేశమునకు సంవత్సరములు సిద్ధపడి, సొమ్ము సమకూర్చుకొని, దాతల సహాయము పొంది వచ్చినవానికి వెనుదిరుగుట మిక్కిలి కష్టము. నది వలదని చెప్పుచున్నను, వెచ్చించిన శ్రమ పదమని చెప్పుచుండును. అట్టి సమయమున 'నే నీ చోటున దిగను' అని ఒకడు పలుకగా, తక్కినవారు అతనిని పిఱికివాడనక గౌరవింపగల బృందమే నిజమైన మిత్రబృందము. స్నేహమునకు పరీక్ష కలిసి దిగుటయందు లేదు, కలిసి ఆగుటయందున్నది.

2002 నాటి యాత్ర

నాలుగేండ్ల తరువాత ఈ పాఠమును ఆచరణలో పెట్టినవారు వచ్చిరి. స్కాట్ లిండ్‌గ్రెన్ అను అమెరికా వాసి నాయకుడుగ అమెరికా, దక్షిణాఫ్రికా, న్యూజీలాండు, బ్రిటను దేశములకు చెందిన ఏడుగురు 2002 ఫిబ్రవరిలో సాంగ్‌పోకు చేరిరి. వారు మొదట మార్చినది ఋతువును. చలికాలపు చివర, మంచు కరుగకముందు, నది మిక్కిలి తగ్గియుండును. ఈ ఏడుగురిలో జానీ కెర్న్, విల్లీ కెర్న్ అను కవల సోదరులుండిరి. వారి మఱియొక సోదరుడగు చక్ 1997లో అమెరికాలోని గన్నిసన్ నదిలో దోనె నడపుచునే మరణించెను. నది యేమి తీసికొనగలదో వారికి ఒకరు చెప్పవలసిన పనిలేదు.

వారు లోయ పైభాగమునంతయు నదిదారిన దిగిరి. ఒకడు దిగిన చోట వేఱొకడు నడచి దాటుటయు, నేడు దిగినవాడు మఱునాడు దోనె భుజమున వేసికొనుటయు జరుగుచుండెను. ఎవ్వరును ఎవ్వరిని నిర్బంధింపలేదు. 1998 నవంబరులో కొందఱు నడకయాత్రికులు సుమారు ముప్పది మీటర్ల మహాజలపాతము నొకదానిని ఆ లోయలో చూచి కొలిచియుండిరి. ఆ ప్రాంతమునకు చేరునప్పటికి ఇరుప్రక్కల గోడలవలె నిలిచిన కొండల నడుమ నీటిదారి మూసికొనిపోయినది. వారు నదిని విడిచి, దోనెలు మోసికొని, మంచు కప్పిన సెచెన్ లా అను కనుమనెక్కి ఆవలికి దిగిరి.

ఆవల వారి కెదురైనది నది కాదు, నది మిగిల్చిన గాయము. 2000వ సంవత్సరము ఏప్రిలునందు ఆ ప్రాంతపు యీగాంగ్ అను ఉపనదిపై కొండచఱియ విఱిగిపడి సహజమైన కట్ట యేర్పడినది. రెండు నెలలు నీరు నిలిచి, జూనునందు ఆ కట్ట తెగినది. ఆ ప్రళయప్రవాహము అరుణాచలప్రదేశమున పాసీఘాటు ప్రాంతమువఱకు వచ్చి వంతెనలను, ఇండ్లను, ప్రాణములను కొనిపోయెను. అదే ప్రవాహము లోయ క్రిందిభాగమునందలి గట్లను చెట్టుచేమలతో కూడ గీచివేసినది. కాలు మోపుటకు గట్టు లేనిచోట దోనె మోయుటకు దారి లేదు. దారి లేనిచోట ఆగుటకు వీలు లేదు. ఏడుగురును చూచిరి, ఆలోచించిరి, దిగలేదు. వేలమైళ్లు వచ్చి, సగము నదిని జయించి, మిగిలిన సగమునకు నమస్కరించి ఇండ్లకు మరలిరి. ఆ నిర్ణయమును మేము వారు దిగిన దూకుడులన్నిటికంటె గొప్పదిగ ఎంచుచున్నాము.

ఇంకొక విషయము మఱవరాదు. 2025 జులై 19న చైనా ప్రభుత్వమువారు ఈ వంపునందే మహత్తరమగు జలవిద్యుత్ నిర్మాణమునకు శంకుస్థాపన చేసిరి. యీగాంగ్ కట్ట తెగిన నాడు దాని ఫలమును అనుభవించినవారు మన అరుణాచలవాసులు. కావున ఎగువనున్న నది యెట్లున్నదో తెలిసికొనుట వినోదము కాదు, దిగువనున్న జనుల అవసరము. నదిని కన్నులార చూచివచ్చినవారి మాటలకు ఈ దృష్టితోకూడ విలువ గలదు.

మన సంగతి

ఇపుడు స్వదేశమునకు వత్తము. 2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండల విహారమునకు బయలుదేరిన పడవ యొకటి కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగినది. నది వరదలో నుండెను. పడవలోనివారు ఆదివారపు సెలవున కుటుంబములతో, స్నేహితులతో వచ్చిన గృహస్థులు. పదులకొలది జనులు మరణించిరి. దోషము ఎవ్వరిది యను విచారణలోనికి మేమిపుడు దిగము. మేము చెప్పదలచినది వేఱు. ఆ మలుపున నీరు ఎట్లు తిరుగునో తీరమునందలి గ్రామవాసు లెఱుగుదురు. పడవ మునిగినపుడు తమ చిన్న పడవలతో వెళ్లి బ్రదికినవారిని ఒడ్డునకు చేర్చినవారు ఆ పరిసరపు గిరిజనులే. నెల దాటినపిమ్మట, అక్టోబరు 22న, నదీగర్భమునుండి పడవను పైకి లాగినవారు కాకినాడకు చెందిన ధర్మాడి సత్యము గారి బృందమువారు. అనగా నది తెలిసినవారు మనలో లేకపోలేదు. వారి తెలివి ప్రమాదము జరిగిన తరువాత మాత్రమే మనకు జ్ఞాపకము వచ్చుచున్నది.

సాంగ్‌పో యాత్రికులును కచ్చులూరు ప్రయాణికులును ఒక్క తీరువారని మేము చెప్పుట లేదు. వారు అపాయమును కోరి పోయినవారు. వీరు అపాయ మున్నదనియే ఎఱుగనివారు. ఈ భేదమే అసలు విషయము. అపాయ మెఱిగి దిగినవాడు తేలుడు చొక్కా బిగించుకొనును, మజిలీ వెదకును, అవసరమైనచో వెనుదిరుగును. ఎఱుగనివాడు నిండుపడవపై నిలిచి పాట పాడుచుండును. నదిని చూచి భయపడనివాడు ధైర్యవంతుడు కాడు, అజ్ఞాని.

మన యూళ్లలో ప్రతి వేసవియందును చెఱువులలో, కాలువలలో, ఏటి మడుగులలో ఈదబోయి పిల్లలు మరణించిన వార్తలు వచ్చుచునే యున్నవి. పెక్కు సందర్భములందు ఒకడు మునుగుచుండగా రక్షింపబోయిన స్నేహితుడుకూడ మునుగుచున్నాడు. ఇచ్చట లోపించినది స్నేహము కాదు, శిక్షణము. కొండనదులపై తిరుగు ప్రతివాడును మొదట నేర్చు పాఠములలో ఒకటి మునుగుచున్నవానిని సమీపింపక, గట్టుననే నిలిచి త్రాడు విసరుట. పది గజముల త్రాడు, కొంచెము అభ్యాసము, ఇంతే కావలసినది. నదీతీరమున నున్న మన పాఠశాలలలో ఎన్ని ఈ పాఠము చెప్పుచున్నవి?

కేరళమున కోళికోడు జిల్లాయందలి కొండవాగులలో వానకాలమున కయాకు పందెములు జరుగుచున్నవి. దేశవిదేశములనుండి యువకులు వచ్చుచున్నారు. మనకు సీలేరు గలదు, శబరి గలదు, పాపికొండల గోదావరి గలదు. తరతరములుగ తెప్పలను, పుట్టీలను, దోనెలను నడపిన బెస్తవారును గిరిజనులును గలరు. భూస్వాములును పట్టణవాసులును పూనుకొని, ఊరూరను పిల్లలకు ఈత నేర్పించి, ఈ తెడ్డుపని యెఱిగినవారికి తగిన వేతనమిచ్చి గురువులుగ నియమించినచో, పదేండ్లలో నదిని నిజముగ నెఱిగిన యువకులు మనకు లభింతురు. కింథప్‌నకు జరిగిన అన్యాయమును ఈ తీరవాసులకు మరల జరుగనీయరాదు. వారు చెప్పినది నమ్మవలెను, చేసినదానికి ప్రతిఫలమీయవలెను.

ఎఱుగని నదిలోనికి ఎఱిగిన మిత్రులతోనే దిగవలెనని ఈ కథలు చెప్పుచున్నవి. అయితే మిత్రు డెవ్వడు? నీతో దుముకువాడు ఒకడు, నిన్ను ఆపువాడు మఱియొకడు. పాఠకుల పిల్లలు రేపు ఏటికి బయలుదేరునపుడు ఆ రెండవవాడు వారితో నున్నాడో లేడో విచారించి పంపుదురుగాక.